దేశకాలములు – సత్యధర్మము

శుభకార్యమైనను, పితృకార్యమైనను, కర్త ఆచమనము చేసిన పిమ్మట చెప్పునది సంకల్పము. అందు రెండు సంగతులు తప్పక యుండును. ఒకటి కార్యము జరుగు చోటు. రెండవది కార్యము జరుగు వేళ. ద్వీపము, వర్షము, ఖండము, సమీపమున నున్న నది – ఇవి చోటును తెలుపును. సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము – ఇవి వేళను తెలుపును. సముద్రములు దాటి వచ్చిన పురోహితులు కూడ ఈ నియమమును విడువలేదు. అమెరికా దేవాలయములలో జంబూద్వీపమునకు మారుగా క్రౌంచద్వీపమనియు, భరతవర్షమునకు మారుగా రమణకవర్షమనియు చెప్పు పురోహితులు పెక్కుమంది కలరు. చోటు పేరు మారినది గాని, చోటు చెప్పవలెనను నియమము మారలేదు.

వేళను చెప్పిన చాలదా? చోటు గూడ ఎందులకు చెప్పవలెను? పెద్దలు పెట్టిన ఆచారమని చెప్పి ఈ ప్రశ్నను దాటవేయుట సులభము. కాని ఇప్పుడు ఈ ప్రశ్నను అడుగుచున్నది పురోహితుడు కాడు. ఇంటింట నున్న కెమెరాయు, కంప్యూటరును అడుగుచున్నవి. అవి చేయు ఒక చిన్న పొరపాటునందు సత్యధర్మమునకు సంబంధించిన పెద్ద విషయ మొకటి దాగియున్నది.

ఒక కుటుంబమును ఊహించుకొనుడు. 1903 తరువాత మద్రాసు రేవునుండి గిర్మిటు పత్రముపై ఫిజీ దీవులకు పోయిన తెలుగువారి సంతతి అది. 1987లో ఫిజీలో రెండు పర్యాయములు సైన్యము అధికారమును చేజిక్కించుకొన్న పిమ్మట, వేలకొలది భారత సంతతివారు ఆ దీవులను విడిచి ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడా, అమెరికా దేశములకు తరలిపోయిరి. అమెరికాకు వచ్చినవారిలో పెక్కుమంది కాలిఫోర్నియా రాష్ట్రమున శాక్రమెంటో, హేవర్డు, మొడెస్టో ప్రాంతములందు స్థిరపడిరి. ఈ కుటుంబమున పెద్దకొడుకు సంతానము శాక్రమెంటోలో నున్నది. చిన్నకొడుకు మాత్రము ముసలితల్లితో ఫిజీలోని రాకిరాకిలోనే యుండిపోయెను.

జనవరి మాసమున నాయనమ్మకు జబ్బు ముదిరినదని తెలిసి మనుమడు ఫిజీకి పోయెను. శుక్రవారము రాత్రి తొమ్మిది గంటలకు ఆమె కనులు తెరచి అందరిని ఆశీర్వదించెను. మనుమడు ఒక ఛాయాచిత్రము తీసెను. శనివారము తెల్లవారుజామున ఐదు గంటలకు ఆమె కన్నుమూసెను. ఆనాడు మధ్యాహ్నము మూడు గంటలకు చిన్నకొడుకు చితికి నిప్పు పెట్టెను. రాలేకపోయిన బంధువులు చూచుటకై, చిన్నాయన కోరికమీద, మనుమడు దానిని వీడియో తీసెను. కెమెరా గడియారమును ఫిజీ వేళకు సరిగానే దిద్దియుండెను.

శాక్రమెంటోకు తిరిగివచ్చి, చిత్రములను, వీడియోలను కంప్యూటరులోనికి ఎక్కించి చూడగా, అవి కాలక్రమమున వరుసలో నిలిచెను. ఆ వరుసలో చితి ముందు వచ్చినది. ఆశీర్వాదము తరువాత వచ్చినది. దహనము శుక్రవారము సాయంకాలము ఏడు గంటలకు జరిగినట్లును, నాయనమ్మ కనులు తెరచి చేయి యెత్తినది అదే శుక్రవారము రాత్రి తొమ్మిది గంటలకైనట్లును కంప్యూటరు చూపెను.

మనుమడు తన జ్ఞాపకమునే శంకించెను. ఆ దినములలో నిద్రాహారములు లేవు, వారములు కలిసిపోయియుండవచ్చును. కంప్యూటరు ఏడ్వలేదు గదా, అది తప్పు చెప్పునా అని తలచి, కుటుంబ పుస్తకమున నాయనమ్మ పోయినది శుక్రవారమని వ్రాసెను. అక్క కూడ దానినే బలపరచెను. "తమ్ముడూ, నీవు ఫోను చేసినప్పుడు నేను పనికి బయలుదేరుచుంటిని. శుక్రవారము ఉదయము తొమ్మిది గంటలు. నాకు బాగుగా జ్ఞాపకమున్నది" అనెను. ఈ సంగతి రాకిరాకికి చేరగా చిన్నాయన మనసు కష్టపెట్టుకొనెను. "మా అమ్మకు నేను తలకొరివి పెట్టిన దినము నాకు తెలియదా, నాయనా? నా మాటకంటె నీ పెట్టె మాట నీకెక్కువైనదా?" అని అడిగెను.

ఈ ముగ్గురిలో అసత్యము పలికినవారెవరు? విచారించిచూచిన, ఎవరును లేరు. ఫిజీ గడియారము గ్రీనిచ్ వేళకంటె పండ్రెండు గంటలు ముందు నడచును. కాలిఫోర్నియా గడియారము శీతకాలమున ఎనిమిది గంటలు వెనుక నడచును. రెంటికిని నడుమ ఇరువది గంటల అంతరము. రాకిరాకిలో శనివారము తెల్లవారుజామున ఐదు గంటలైనప్పుడు శాక్రమెంటోలో శుక్రవారము ఉదయము తొమ్మిది గంటలే. చిన్నాయన శనివారము తల్లిని పోగొట్టుకొనెను. మనుమరాలు శుక్రవారము నాయనమ్మను పోగొట్టుకొనెను. ఆ క్షణ మొక్కటే. దాని పేర్లు రెండు.

అట్లయిన తప్పు ఎక్కడ పుట్టినది? కెమెరా లోపల ఏమి జరుగునో కొంచెము తెలిసికొనవలెను. ఛాయాచిత్రపు ఫైలులో చిత్రముతోపాటు కొన్ని వివరములు వ్రాయబడును. ఇందుకు ఎక్సిఫ్ అను పద్ధతి జపానులో 1995లో ఏర్పడినది. ఆ పద్ధతిలో కెమెరా గడియారము చూపు తేదీని, గంటను ఉన్నదున్నట్లు వ్రాయుదురు. అది ఏ ప్రాంతపు గంటయో చెప్పుటకు ఆ పద్ధతిలో చాలకాలము ప్రత్యేక స్థానము లేకుండెను. 2016లో అది కల్పింపబడినది. అది కల్పింపబడినను పూర్వపు కెమెరాలు, పూర్వపు చిత్రములు లక్షలకొలది అట్లే యున్నవి. వీడియో సంగతి వేరు. ఎం.పి.4, క్విక్‌టైమ్ పద్ధతులలో వీడియో పుట్టిన వేళను 1904 జనవరి 1 అర్ధరాత్రి మొదలుకొని గడచిన సెకనుల సంఖ్యగా వ్రాయుదురు. ఆ లెక్క ఊరి గంటను బట్టి గాక, గ్రీనిచ్‌ను అనుసరించు విశ్వకాలమును బట్టి యుండవలెనని నియమము.

కావున ఒకే కెమెరా, ఒకే సంచిలోనుండి తీసినది, చిత్రమునకు ఊరి గంటను, వీడియోకు విశ్వకాలమును వ్రాయుచున్నది. ఈ రెంటిని కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు చదువును. చిత్రపు గంట ప్రక్కన ఊరు లేదు గనుక దానిని ముట్టకుండ అట్లే చూపును. వీడియో వేళ విశ్వకాలము గనుక దానిని ఏదో ఒక ఊరి గంటగా మార్చవలెను. ఏ ఊరు? వీడియో ఏ ఊరిలో తీయబడినదో ఫైలులో లేనప్పుడు, సాఫ్ట్‌వేరు తానున్న ఊరినే ఎన్నుకొనును. అందుచేత రాకిరాకి చితి శాక్రమెంటో గంటను ధరించెను. నాయనమ్మ ఆశీర్వాదము మాత్రము రాకిరాకి గంటనే నిలుపుకొనెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టినప్పుడే అసత్యము పుట్టెను.

ఈ చిక్కునకు మరియొక ముడి కలదు. కొన్ని కెమెరాలు నియమమును పాటింపక వీడియోలో కూడ ఊరి గంటనే వ్రాయును. సాఫ్ట్‌వేరు వానిని సరిచూపునట్లు దిద్దబడిన, నియమము పాటించిన కెమెరాల వీడియోలు తప్పుగా కనబడును. ఐఫోను వంటివి మాత్రము వీడియోలో ఊరి గంటను, అది గ్రీనిచ్‌కు ఎంత ముందో వెనుకో ఆ అంతరమును కూడ చేర్చి వ్రాయుచున్నవి. అట్టి వీడియోను ఎక్కడ తెరచినను, అది పుట్టిన చోటి వేళను చెప్పగలదు. అనగా సంకల్పము చెప్పించు పురోహితుడు చేయు పనినే ఆ యంత్రము చేయుచున్నది.

ఇందుండి గ్రహింపదగినది ఒకటి కలదు. అసత్యమునకు అసత్యవాది ఒకడు తప్పక యుండవలెనని లోకము తలచును. కొడుకు, మనుమడు, మనుమరాలు, కెమెరా, కంప్యూటరు – ఎవరికి వారు సత్యమునే చెప్పిరి. వారి మాటలను ఒక పుటలో చేర్చునప్పుడు చోటు జారిపోయెను. చోటు చెప్పని మాటలో ఆ ఖాళీ యెన్నడును ఖాళీగా నుండదు. చూచువాని చోటు వచ్చి అందు కూర్చుండును. చూచువానికి అది తెలియను గూడ తెలియదు. ఇదియే ఈ చిన్న యంత్రదోషము నేర్పు పాఠము.

గడియారము మానవుల ఒడంబడిక యని అమెరికా చరిత్రయే సాక్ష్యము చెప్పుచున్నది. 1883 వరకు ఈ దేశమున ఊరికొక గంట యుండెను. సూర్యుడు ఆ యూరి నడినెత్తికి వచ్చినప్పుడే అక్కడ మధ్యాహ్నము. రైళ్లు పెరిగిన పిమ్మట ఈ పద్ధతి సాగలేదు. 1883 నవంబరు 18వ తేదీ ఆదివారమునాడు రైలుకంపెనీలు తమలో తాము ఒడంబడిక చేసికొని గడియారములను ప్రామాణిక కాలమునకు మార్చినవి. కొన్ని ఊళ్లలో ఆనాడు మధ్యాహ్నము రెండుమార్లు వచ్చినదని చెప్పుకొనిరి. మరుసటి ఏడు, 1884 అక్టోబరులో, ఇరువదియైదు దేశముల ప్రతినిధులు వాషింగ్టను నగరమున సమావేశమై గ్రీనిచ్ రేఖను ప్రథమ రేఖగా అంగీకరించిరి. అయినను అమెరికా ప్రభుత్వము ప్రామాణిక కాలమును చట్టము చేసినది 1918లోనే. ఆ నడిమి యేండ్లలో కొన్ని ఊళ్లు రైలు గంటను అంగీకరింపక సూర్యుని గంటనే పట్టుకొనియుండెను. అగ్నిబీమా పత్రములపై తగవులు న్యాయస్థానములకు ఎక్కెను. పత్రము మధ్యాహ్నముతో ముగియును. ఇల్లు మధ్యాహ్నపు వేళనే అంటుకొన్నది. ఏ మధ్యాహ్నము? సూర్యునిదా, రైలుదా? కొన్ని నిమిషముల తేడాలో ఒక కుటుంబపు సర్వస్వము నిలుచుటయో, పోవుటయో యుండెను.

గంట మాత్రమే కాదు, దినము కూడ ఒడంబడికయే. 1867లో రష్యానుండి అలాస్కాను అమెరికా కొన్నప్పుడు, అక్కడివారికి ఒక శుక్రవారము తరువాత మరల శుక్రవారమే వచ్చెను. 2011లో సమోవా దేశము దినరేఖకు ఆవలి ప్రక్కకు మారుటకై డిసెంబరు 30వ తేదీని పూర్తిగా విడిచిపెట్టెను. అక్కడ గురువారము రాత్రి నిద్రించినవారు శనివారము మేల్కొనిరి. ప్రక్కనే యున్న అమెరికన్ సమోవా మాత్రము పాత దినముననే యుండిపోయెను. ఫిజీకి ఈ సంగతి మరింత దగ్గర. 180 డిగ్రీల రేఖ ఆ దీవులలో నొకటియగు తవెయుని మీదుగానే పోవుచున్నది. రేఖను అక్షరాల పాటించిన, ఒకే దీవిలో ఒక ప్రక్క శనివారము, మరొక ప్రక్క ఆదివారము కావలసియుండెను. అందుచేత దీవులన్నిటికిని ఒకే దినముండవలెనని 1879లో అక్కడ శాసనము చేయబడినది. ఆ 1879లోనే మే 14వ తేదీన లియోనిడాస్ అను ఓడ మొదటి గిర్మిటు కూలీలను ఫిజీకి చేర్చెను. ఆ కూలీలు దిగిన నేలపై ఏ దినము ఏ పేరు ధరింపవలెనో గూడ ఆ యేడే నిర్ణయమయ్యెనన్నమాట.

ఇవి యన్నియు విన్నవారు, "గంటయు దినమును మానవుల కల్పనలే గదా, ఇక సత్యమెక్కడ? ఎవరికి తోచినది వారు చెప్పవచ్చును" అని అనవచ్చును. అది తొందరపాటు. 2024 ఏప్రిల్ 8వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమును తలచుకొనుడు. అమెరికాలోని డాలస్ నగరముపై చంద్రుని నీడ పూర్తిగా పడినప్పుడు అక్కడ సోమవారము మధ్యాహ్నము 1 గంట 40 నిమిషములు. ఆ క్షణమున విజయవాడలో అర్ధరాత్రి దాటి మంగళవారము 12 గంటల 10 నిమిషములు. గ్రహణము అక్కడ కనబడలేదు. ఫిజీలో మంగళవారము ఉదయము 6 గంటల 40 నిమిషములు. పేర్లు మూడు, నీడ ఒక్కటే. ఆ నీడ పడినదా లేదా అనునది ఒడంబడికపై ఆధారపడదు. డాలసులో గ్రహణము మంగళవారము పట్టినదని వ్రాసినవాడు తప్పు వ్రాసినట్లే. ఏలయనగా ఒక ఊరి పేరును, మరొక ఊరి గంటను అతడు అతికించెను. పేర్లు అనేకమగుట అసత్యము కాదు. పేర్లను చోట్లనుండి పెరికి కలుపుటయే అసత్యము.

నాయనమ్మ ఆబ్దికము విషయమున ఈ భేదము స్పష్టముగ కనబడును. తిథి యనునది సూర్యచంద్రుల నడుమ గల దూరమును బట్టి యేర్పడును. ఆ దూరము పండ్రెండు డిగ్రీలు పెరిగిన ఒక తిథి గడచినట్లు. తిథి సుమారు 19 గంటలనుండి 26 గంటలవరకు ఉండును. మరణక్షణమున నున్న తిథి భూమిపై ఎక్కడనుండి చూచినను ఒక్కటే. మనుమడు శుక్రవారము ఉదయము తొమ్మిది గంటలని కాలిఫోర్నియా పంచాంగమును చూచినను, చిన్నాయన శనివారము తెల్లవారుజామున ఐదు గంటలని ఫిజీ పంచాంగమును చూచినను, ఇరువురికిని ఒకే తిథి దొరకును. కాని కంప్యూటరు చూపిన శుక్రవారమును తీసికొనిపోయి ఫిజీ పంచాంగమున వెదకినవానికి వేరొక తిథి దొరకవచ్చును. అప్పుడు ప్రతి సంవత్సరమును ఆమె పేర విడుచు తిలోదకములు ఆమెది కాని తిథిన విడువబడును. రెండు సత్యములలో ఏ యొక్కదానిని పూర్తిగా పట్టుకొన్నను తప్పు లేదు; రెంటిలో సగము సగము పట్టుకొన్ననే తప్పు.

ఇక మరియొక పక్షమువారు కలరు. "లోకమంతయు విశ్వకాలము నొక్కదానినే పాటించిన ఈ చిక్కులు తీరును గదా" అని వారందురు. యంత్రములకు అది మేలే. ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించుటకు విశ్వకాలమును మించినది లేదు. ఓడలు, విమానములు, ఉపగ్రహములు దానివలననే సరిగా నడచుచున్నవి. కాని నాయనమ్మ తెల్లవారుజామున పోయెనని చెప్పినప్పుడు, కోడి కూయు వేళ, ఇంట అందరు మేలుకొనియున్న వేళ, తూర్పు తెల్లబడని వేళ అని వినువాడు గ్రహించును. విశ్వకాలము పదునేడు గంటలని చెప్పిన అందులో తెల్లవారుజాము లేదు. క్రమము విశ్వకాలమువలన తెలియును. అర్థము చోటువలన తెలియును. రెండును కావలెను. సంకల్పము చెప్పించినవారు రెంటిని కలిపి చెప్పించుట ఇందుకే కాబోలు.

గిర్మిటు సంతతివారికి ఈ విషయము ఇతరులకంటె బాగుగ తెలియవలసినది. 1879నుండి 1916వరకు అరువదివేలకు పైగా భారతీయులు ఫిజీకి పోయిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఎమిగ్రేషను పాసు. అందు పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, జిల్లా, ఊరు, దేహముపైనున్న గుర్తులు వ్రాయబడెను. ఆ పాసులే నేడు వంశమూలములు వెదకువారికి ఆధారము. వానిని వ్రాసిన గుమాస్తాలు అందరు మోసగాండ్రు కారు. కాని వారు తమ చెవికి వినబడినట్లు, తమ భాష అక్షరములలో, తమ కచేరి తేదీలలో వ్రాసిరి. తెలుగు ఊరిపేరు ఇంగ్లీషు అక్షరములలో నలిగిపోయెను. తన వయస్సును పంటలతోడను, పెద్ద తుఫానుతోడను లెక్కించుకొను స్త్రీకి గుమాస్తా ముఖము చూచి ఒక అంకె వేసెను. నేడు మునిమనుమలు ఆ అంకెను తీసివేతలెక్కలో పెట్టి జన్మసంవత్సరమును కనుగొంటిమని సంతోషించుచున్నారు. వ్రాసినవాని చోటు, వ్రాయబడినవారి చోటున కూర్చుండెనని వారికి తట్టదు. శాక్రమెంటో కంప్యూటరు చేసినదియు ఇదియే.

తోటలో గంట కూడ దొరగారిదే. వారమున ఐదు దినములు దినమునకు తొమ్మిది గంటలు, శనివారము ఐదు గంటలు పని యని గిర్మిటు పత్రమున నుండెను. కాని కూలివారి జీవితమున మరియొక కాలము నడచుచుండెను. ఏకాదశి, అమావాస్య, సంక్రాంతి, ఉగాది – ఇవి తోట గంటకు లోబడలేదు. పగలెల్ల దొర గంటకు పనిచేసి, రాత్రి చంద్రుని చూచి తిథిని లెక్కించుకొన్నవారు ఆ పెద్దలు. చోటు మారినను తమ చోటును పూర్తిగా విడువలేదు. గోదావరీముఖమున నున్న కోరంగి రేవు పేరు మారిషస్సులో తెలుగువారికే పేరై నిలిచినది గదా. మనుష్యులు చోటును విడిచిపోయిరి. చోటు మనుష్యులను విడువలేదు.

ఆ పెద్దలను గూర్చి నేటివారు పలుకు మాటలలో కూడ ఈ దోషము తరచుగా కనబడును. చదువకుండ ఆ పత్రముపై ఎందులకు వ్రేలిముద్ర వేసిరి? పేర్లు మారినప్పుడు ఎందులకు ఊరకుండిరి? పిల్లలకు తెలుగు ఎందులకు నేర్పలేదు? ఈ ప్రశ్నలు అడుగదగినవే. కాని వానికి ప్రత్యుత్తరము కాలిఫోర్నియాలోని నేటి గంటతో చెప్పరాదు. కరవు కాలమున మద్రాసు డిపోలో నిలిచినవాని గంటతో చెప్పవలెను. అట్లని పెద్దలు చేసినదెల్ల సరియేయని చెప్పుట గూడ కాదు. చోటు తెలిసికొని విచారించుట వేరు, విచారణయే మానుట వేరు. చితి శనివారము కాలినదని తెలిసిన పిమ్మట శుక్రవారమని చెప్పుట ఎంత తప్పో, చోటు తెలిసిన పిమ్మట కనబడు దోషమును దాచుటయు అంత తప్పే.

తప్పు కనబడినప్పుడు దిద్దుట యెట్లు? ఇది ధర్మసూక్ష్మము. మనుమడు కోపమున ఫైలులోని వేళను తనకు తోచినట్లు మార్చివేయవచ్చును. కన్నులకు అది సరిగా కనబడును. కాని వీడియో ఫైలులోని విశ్వకాలము తప్పు కాదు. దానిని చెరపి ఊరి గంటను పెట్టిన, నియమమును సరిగా పాటించు మరియొక సాఫ్ట్‌వేరు రేపు దానిని ఎనిమిది గంటలు వెనుకకు నెట్టును. సరిగానున్న మూలమును చెరపి, తప్పుగానున్న చూపును కాపాడినట్లగును. న్యాయస్థానమునందు సాక్ష్యముగా నిలువవలసిన వీడియోకు ఇట్లు చేసిన, నిరపరాధి యొకడు చిక్కులలో పడవచ్చును. మూలమును ముట్టక, దానితోపాటు చోటును చేర్చి వ్రాయుటయే ఉత్తమము. "రాకిరాకి, ఫిజీ, శనివారము, పగలు మూడు గంటలు, ఈ మాట చిన్నాయన చెప్పగా మనుమడు వ్రాసెను" అని ప్రక్కన వ్రాసిన చాలును. తరువాతివారికి మూలము దొరకును, దిద్దుబాటు దొరకును, దిద్దినవాని పేరును దొరకును.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. చితి ప్రక్కన నిలిచినవాడు బ్రదికియుండగా, పెట్టెను ముందు అడిగి అతనిని తరువాత అడుగుట సరికాదు. మనుమడు చేసిన అసలు పొరపాటు వారమునందు లేదు. అనుభవించినవాని మాట తన యంత్రపు మాటతో కలియనప్పుడు, రెంటికిని చోటు వేరేమోయని ఒక్క నిమిషము ఆలోచింపకపోవుటయందున్నది. చిన్నాయనకు నొప్పి కలిగించినది శుక్రవారము కాదు. తన మాట రెండవదగుట.

దానము సాత్త్వికము కావలెనన్న దేశమును, కాలమును, పాత్రతను చూచి చేయవలెనని భగవద్గీత పదునేడవ అధ్యాయము చెప్పుచున్నది. సత్యమును చెప్పుట గూడ ఒక దానమే. చోటు చూడక చెప్పిన సత్యము, వినువాని చేతిలో అసత్యముగ మారిపోవచ్చును. చోటు చెప్పి ఇచ్చిన సత్యము ఎంత దూరము పోయినను చెడదు.

ఊహించిన ఆ కుటుంబపు కథకు ఒక ముగింపును ఊహింపవచ్చును. మనుమడు సంగతి తెలిసికొని చిన్నాయనకు ఫోను చేసి క్షమాపణ చెప్పుకొనును. కుటుంబ పుస్తకమున శుక్రవారమను మాటను కొట్టివేయక, దాని ప్రక్కన "శాక్రమెంటోలో" అని చేర్చును. దానికి పైన "రాకిరాకిలో శనివారము తెల్లవారుజామున" అని వ్రాయును. ముందు ఆమె పోయిన చోటు, తరువాత ఆ వార్త చేరిన చోటు. ఆబ్దికమునాడు శాక్రమెంటోలో కర్త ఆసనముపై కూర్చుండి, ద్వీపము పేరు, నది పేరు, ఆ పిమ్మట తిథి పేరు చెప్పునప్పుడు, ఆ మాటలు ఎందులకు ఆ వరుసలో నున్నవో ఇంటిలోని పిల్లలకు తెలియును.

పిల్లలకు దేవాలయపు తరగతులలో సంకల్పమును వల్లింపజేయు పెద్దలు, ఒక చిత్రమును, ఒక వీడియోను చూపి ఈ సంగతిని కూడ చెప్పుదురుగాక. ప్రతి చిత్రము వెనుక ఊరు పేరు వ్రాయుట నేర్పుదురుగాక. ఊరు పోగొట్టుకొన్న పాసుల వెంట నూరేండ్లు తిరిగినవారి సంతతికి ఆ చిన్న పని ఎంత పెద్దదో వేరుగ చెప్పనక్కరలేదు.